నల్లగుడ్డుకు దేవత పేరు

మేం డాక్టర్లం కాము, నర్సులమూ కాము. ఉద్యోగం పేరు ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. ఆ పేరు ఊళ్లలో ఎవరికీ నోరు తిరగదు కాబట్టి నన్ను "కండ్లు సూసే ఆమె" అనేవాళ్లు. ఆ పేరే నాకు నచ్చింది, ఎందుకంటే చేసిన పని అదే. డాక్టరు దగ్గరికి చేరకముందు ఆ కంటిని మొదట చూసేది మేము. ఏది ఈ రోజే చూపించాలి, ఏది వచ్చే వారం దాకా ఆగుతుంది అని వేరుచేసేదీ మేమే. అక్కడ పొరపడితే ఆ తర్వాత ఎంత గొప్ప డాక్టరున్నా చేయగలిగింది తక్కువ.

పుంగనూరులో చేరాను, కుప్పంలో ఎక్కువకాలం చేశాను, మదనపల్లెలో రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి బదిలీల గురించి, డిపార్టుమెంటు పరీక్షల గురించి అడుగుతారు. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నా దగ్గర ఉన్నది ఒకే ఒక మాటకు సంబంధించిన అనుభవం. ఆ మాట ఐరిస్. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న మంచి విషయాలు చాలావరకు ఆ మాట చుట్టే జరిగాయి. అందుకని దాని గురించే రాస్తున్నాను.

"ఏందో చెప్పలా"

మాది చౌడేపల్లె దగ్గర పల్లె. అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయినవాళ్లు. మా ఇంట్లో నెల జీతం తీసుకున్న మొదటిమనిషిని నేను. పుంగనూరులో చేరిన రోజు నేరుగా కంటి విభాగానికి పోయాను. అక్కడి కంటి డాక్టరు మునిరత్నం గారు. పలమనేరు పక్క పల్లెటూరి మనిషి. సన్నగా ఉండేవారు, తక్కువ మాట్లాడేవారు, మధ్యాహ్నం క్యారియర్ విప్పితే రాగిసంగటే ఉండేది. చదువుకున్నవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడి మాతో తెలుగులో మాట్లాడే రకం కాదు. అందరితోనూ వాళ్ల ఊరి భాషే.

నన్ను కూర్చోమని కూడా అనకుండా అడిగారు. "ఐరిస్ అంటే ఏందమ్మా?"

నేను పుస్తకంలో చదివింది అప్పజెప్పాను. "కార్నియా వెనక, లెన్సు ముందర ఉండే రంగు పొర సార్. మనం నల్లగుడ్డు అంటాం. దాని మధ్యలో ఉండే రంధ్రమే కనుపాప. వెలుతురు ఎక్కువైతే రంధ్రం చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది."

"యాడుండాదో చెప్పినావు. ఏం పని చేస్తాదో చెప్పినావు. ఏందో చెప్పలా."

తల వంచుకుని నిలబడ్డాను.

"నీ పేరేంది?"

"రెడ్డెమ్మ సార్."

"ఆ పేరు యాల పెట్టినారు?"

"మా అమ్మకు చానా దినాలు పిల్లలు కాలేదు సార్. రెడ్డెమ్మ కొండకు పోయి మొక్కుకుంటే నేను పుట్టినానంట."

"సూడు, నీ పేరు యాడ నుంచి వచ్చిందో నీకు తెలుసు. నీది దేవత పేరు. దీనిదీ దేవత పేరే. రోజూ పలకబోయే పేరు, తెలుసుకోవద్దా?"

అప్పుడు చెప్పారు. పాత గ్రీకు దేశంలో ఐరిస్ అని ఒక దేవత ఉండేదట. ఆకాశంలో హరివిల్లు ఆమేనట. దేవతల మాటను మనుషుల దగ్గరికి మోసుకొచ్చే పని ఆమెది. వాన వెలిసి హరివిల్లు కనబడితే ఆమె ఆ దారిన దిగి వస్తోందని అక్కడివాళ్లు అనుకునేవాళ్లట. వాళ్ల భాషలో హరివిల్లుకూ అదే మాట. అసలు ఆ మాట 'వంగినది' అనే అర్థం నుంచి పుట్టిందని కొందరు, 'కబురు చెప్పడం' నుంచి పుట్టిందని కొందరు అంటారట. పండితులు ఇంకా తేల్చుకోలేదని ఆయన నవ్వారు. ఎన్నో రంగుల్లో పూసే ఒక పువ్వుకు ఆ పేరు పెట్టారు. ఆ కాలపు వైద్యులు కంట్లోని రంగు వలయానికీ అదే పేరు పెట్టారు.

నాకు ఒక అనుమానం వచ్చింది. ధైర్యం చేసి అడిగాను. "వాళ్ల కండ్లు నీలం, పచ్చ ఉంటాయి కాబట్టి పెట్టుకున్నారేమో సార్. మనోళ్లవి నలుపే గదా."

ఆయన జవాబు చెప్పకుండా లేచి, స్లిట్ ల్యాంప్ దగ్గరికి వెళ్లి, రోగులు గడ్డం ఆనించే చోట తన గడ్డం ఆనించారు. స్లిట్ ల్యాంప్ అంటే సన్నని వెలుతురు గీతతో కంటిని పెద్దది చేసి చూపించే యంత్రం. నన్ను ఇటువైపు కూర్చుని చూడమన్నారు. అప్పటిదాకా శిక్షణలో చూశాను గానీ నింపాదిగా చూసే వీలు ఎప్పుడూ దొరకలేదు. చూశాను. నలుపు ఎక్కడా లేదు. కనుపాప పక్కన చింతగింజ రంగు. దాని చుట్టూ తేనె రంగులో సన్నని దారాలు, ఒకదానిమీద ఒకటి. మధ్యమధ్య చిన్న గుంతలు. అంచున వయసుతో వచ్చిన లేత నీలపు గీత.

"మనోళ్ల కండ్లు నలుపని ఎవరన్నారో గానీ, దగ్గరికి పోయి సూడనోళ్లే అనుంటారు," అన్నారు గడ్డం తీయకుండానే.

ఒక పెద్ద డాక్టరు కొత్తగా చేరిన కూలోళ్ల బిడ్డకు తన కన్ను ఇచ్చి చూసుకోమన్నారు. ఉద్యోగంలో నాకు దొరికిన సన్మానాలన్నీ దాని తర్వాతే.

కలక కాని కలక

చేరిన ఏడాదిలోనే వచ్చిన కేసు ఇది. చౌడేపల్లె వైపు నుంచి లక్ష్మీదేవి అనే ఆమె, ఆమె భర్త గంగులప్ప వచ్చారు. ఆవులు పెట్టుకుని పాలు పోసుకునే కుటుంబం. ఆమె కొంగు మొత్తం మొహం మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. భర్తే మాట్లాడాడు.

"కలకమ్మా. ఊర్లో అందరికీ వచ్చిందే. మా ఆరెంపీ చుక్కలిచ్చినాడు, తగ్గలా. నువ్వు మంచి చుక్కలేమన్నా ఇస్తే పోతాం. పాల యాలకు ఇంటికాడ ఉండాల."

ఆ రోజుల్లో కండ్లకలక బాగా ఉంది. వరసలో ఉన్నవాళ్లంతా ఎర్రకండ్లతోనే ఉన్నారు. ఈమెదీ ఎర్రగానే ఉంది. కానీ పుసి లేదు. రెప్పలు అంటుకోలేదు. టార్చి వేయగానే "వద్దమ్మా" అని చేయి అడ్డం పెట్టుకుంది. బతిమాలి చూస్తే ఎరుపంతా నల్లగుడ్డు అంచు చుట్టూనే ముసురుకుని ఉంది. కనుపాప చిన్నదై, ఒకపక్క నొక్కినట్టు వంకరగా ఉంది.

డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చూసి "ఐరైటిస్" అన్నారు. ఐరిస్‌కు వాపు. వాచిన ఐరిస్ వెనకున్న లెన్సుకు అక్కడక్కడ అతుక్కుపోతోంది. అలాగే వదిలేస్తే చూపు పోతుంది. అతుకు విడిపించడానికి కనుపాపను పెద్దది చేసే చుక్కలు, వాపు తగ్గడానికి ఇంకో రకం చుక్కలు రాసిచ్చారు. మందు వేసుకున్నన్నాళ్లు దగ్గరి వస్తువులు మసగ్గా కనిపిస్తాయనీ, భయపడొద్దనీ చెప్పారు. గంగులప్ప తలూపాడు. అతని ధ్యాస గడియారం మీద ఉంది, మా మాట మీద లేదు.

రెండు రోజులకే ఒక్కడే వచ్చాడు. వస్తూనే గొంతు పెంచాడు.

"మీ మందేసినాక సూపు ఇంకా తగ్గింది. సూదిలో దారం ఎక్కించలేకపోతాండాది. ఆరెంపీయే నయం. మందు ఆపేసినా."

వరసలో ఉన్నవాళ్లంతా మా వైపు చూశారు. మునిరత్నం గారు కోప్పడతారనుకున్నాను. ఆయనకు కోపం తక్కువేం కాదు, సిబ్బంది ఆలస్యంగా వస్తే గోడలు అదిరేవి. కానీ ఆ రోజు మెల్లగా అన్నారు. "ఆమెను పిల్చుకోని రాప్పా. మందిచ్చేది లేదు, తిట్టేది లేదు. నీకే ఒకటి సూపిస్తా."

మరుసటి పొద్దున ఇద్దరూ వచ్చారు. డాక్టరు గారు లక్ష్మీదేవి గడ్డం ఆనించి, వెలుతురు బాగా తగ్గించి, తాను లేచి ఆ స్టూలు మీద గంగులప్పను కూర్చోబెట్టారు. ఎట్లా చూడాలో చెప్పారు. అతను చాలాసేపు ఏమీ కనబడటం లేదన్నాడు. తర్వాత కన్ను ఇంకా దగ్గరికి ఆనించాడు.

"ఏం కనపడతాండాదప్పా?" అని అడిగారు డాక్టరు గారు.

"ఇంత రంగుంటాదా సామీ, మా ఇంటిదాని కంట్లో?"

"మధ్యలో సూడు. గుండ్రంగా ఉండాదా?"

"లేదు సామీ. పువ్వు మాదిరి ఉండాది. రెండు పక్కల ఇచ్చుకోనుండాది, రెండు పక్కల లోపలికి పీక్కోనుండాది."

"ఇచ్చుకునింది మందేసిన దినాలు. పీక్కోనుండేది నువ్వు ఆపినంక మిగిలింది. అదీ ఇడిపించాల. ఇడిపించేదా, వద్దా?"

గంగులప్ప స్టూలు మీద నుంచి లేచి భార్య కొంగును ఆమె మొహం మీదికి తనే సర్ది, "ఎండ తగలనీ వద్దు" అన్నాడు. ఆ తర్వాత ఒక్క పూట మందు తప్పలేదు. మిగిలిన అతుకులూ విడిపోయాయి. కన్ను నిలిచింది. వాళ్ల పెండ్లయి ఎన్నో ఏండ్లయినా అతను ఆమె కండ్లలోకి అంత దగ్గరగా చూసింది ఆ రోజేనని లక్ష్మీదేవి తర్వాత నాతో చెప్పి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్తగా వచ్చేవాళ్లకు రెండు మాటలు. ఎర్రకన్ను అంతా కలక కాదు. పుసి లేకుండా నొప్పి ఉండి, వెలుతురు చూడలేక, చూపు తగ్గితే దాన్ని వరసలో కూర్చోబెట్టొద్దు. ఇక మందు వేసుకోని రోగి మొండివాడని అనుకునే ముందు, అతనికి మనం ఏం చూపించామో గుర్తు చేసుకోవాలి.

పేరు తిరిగిన చోట్లు

మునిరత్నం గారు అంటించిన పిచ్చి వల్ల ఆ పేరు ఎక్కడ కనబడినా ఆగి చూసేదాన్ని. మా పనిలో ఐరైటిస్ ఉంది, ఐరిస్‌లో ముక్క కోసి తీసే ఇరిడెక్టమీ ఉంది, రంధ్రం చేసే ఇరిడాటమీ ఉంది. అన్నీ ఆమె పిల్లలే. పాత సిరాపెన్నుల పాళీ మొనకు వాడిన ఇరిడియం అనే లోహం కూడా ఆమెదే. దాని లవణాలు రకరకాల రంగుల్లో ఉంటాయని ఆ పేరు పెట్టారట. కెమెరాలో వెలుతురును పెంచి తగ్గించే రేకుల వలయాన్ని ఐరిస్ అంటారని మదనపల్లెలో ఒక ఫోటో స్టూడియో ఆయన చూపించాడు. ఆకాశంలో తిరిగే ఒక చిన్న గ్రహశకలానికీ ఆ పేరు ఉందట. ఇప్పుడైతే కండ్లద్దాల అంగళ్లకూ, బ్యూటీ పార్లర్లకూ పెడుతున్నారు. ఒకసారి చిన్నపాప కంటిచీటీ మీద 'ఐరిస్' అని ఉంటే, పేరు రాయాల్సిన చోట జబ్బున్న చోటు రాశారేమోనని అడిగాను. "పేరే మేడం, ఫోన్లో వెతికి పెట్టినాం. బాగుండాది గదా," అంది వాళ్లమ్మ. బాగానే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. ఆమె బిడ్డ వైపు కొత్తగా చూసుకుంది.

ఈ వాడుకలన్నిటిలో మా జనానికి బాగా తెలిసింది మాత్రం రేషన్ అంగడిలోని ఐరిస్ యంత్రం. వేలిముద్ర పడకపోతే కంటిని చూసి మనిషిని గుర్తుపట్టే డబ్బా. కుప్పంలో నా అతిపెద్ద కేసు దానివల్లే వచ్చింది.

కామనబిల్లు

కుప్పం మూడు భాషల ఊరు. అటు పోతే తమిళం, ఇటు పోతే కన్నడం. రోగి నోరు తెరిచేదాకా ఏ భాష వస్తుందో తెలియదు. చాలామంది మూడూ కలిపి మాట్లాడతారు.

ఒక పొద్దున మునియమ్మ అనే ఆమె తండ్రి ఎల్లప్పను వెంటబెట్టుకుని వచ్చింది. ఎల్లప్ప జీవితమంతా బండల క్వారీలో పనిచేసినవాడు. వేళ్ల మీద గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. ఎడమకన్ను వయసులో ఉన్నప్పుడే రాతిచిప్ప తగిలి తెల్లగా పోయింది. కుడికంటితోనే బతుకు. ఒక్కడే వేరే కార్డు మీద ఉంటున్నాడు కాబట్టి ఇంకెవరి వేలిముద్రా చెల్లదు. రేషన్ అంగడిలో యంత్రం ఆ కుడికంటినీ పట్టడం లేదు.

"కన్ను సరిగా తెరవలేకపోతాండాడమ్మా," అంది మునియమ్మ. "ముసలోనికి కండ్లు బాగలేవని ఒక కాయితం రాసిస్తే, కండ్లు లేకుండానే బియ్యం ఇస్తామంటాండారు. రాసియ్యమ్మా, పోతాం."

బయట క్యాంపు రోగులు కిక్కిరిసి ఉన్నారు. అప్పటి నా పై అధికారికి శుక్లాల ఆపరేషన్లు ఎన్ని అయ్యాయన్నదే లోకం. తలుపు దగ్గరి నుంచే "రేషన్ కేసా? రాసిచ్చి పంపించమ్మా, లైను కదలాల," అన్నారు.

రాసివ్వడానికి ఏ అడ్డమూ లేదు. ఎడమకన్ను పోయిన మాట నిజమే. అయినా అలవాటుగా అడిగాను. "కన్ను ఎందుకు తెరవలేకపోతాండావు తాతా? నొప్పా?"

"తల నొస్తాది. ఈ పక్కంతా," అని కుడి కణత మీద చేయి పెట్టుకున్నాడు. "మళ్లా దీపం సుట్టూ కామనబిల్లు."

కరెంటు బిల్లు గురించి చెబుతున్నాడనుకున్నాను. "బిల్లు సంగతి తర్వాత తాతా. కంటి సంగతి చెప్పు."

"కన్నే చెప్తాండా. దీపం సుట్టూ కామనబిల్లు వస్తాది."

నాకు అర్థం కాలేదని మునియమ్మకు అర్థమైంది. చేత్తో గాలిలో వంపు గీసింది. "వాన నిల్సినంక మొగులు మింద వంకరగా రంగులు నిలస్తాయి సూడమ్మా. ఈడ మేం దాన్ని కామనబిల్లు అంటాం. మా నాయనకు దీపం సుట్టూ అది కనపడతాదంట. ముసలితనానికి అట్ల అంటాండాడని మేం ఇనలా."

దీపం చుట్టూ రంగుల వలయాలు, ఒకపక్క తలనొప్పి, మసక. చదువుకున్నప్పుడు నోటికి వచ్చిన వరుస అది. కంటిలోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి ప్రెషర్ పెరుగుతున్నప్పటి గుర్తు. గ్లకోమా అనే దాన్నే మనం నీటికాసులు అంటాం. అందులో ఇది చూస్తుండగానే కంటిని పోగొట్టే రకం.

టార్చిని పక్క నుంచి పట్టి చూశాను. ఐరిస్ ముందుకు ఉబ్బి ఉంది. వెలుతురు ఒక సగం మీద పడుతోంది, ముక్కు వైపు సగం నీడలో ఉంది. కనుపాప కాస్త పెద్దదై, వెలుతురుకు సరిగా ముడుచుకోవడం లేదు. ప్రెషర్ చూస్తే బాగా ఎక్కువ. క్యాంపులో ఆ రోజు కంటి డాక్టరు ఎవరూ లేరు. మునిరత్నం గారు అప్పటికి రిటైరై మదనపల్లెలో ఉంటున్నారు. ఆయనకు ఫోన్ చేశాను.

"ఎన్ని కండ్లుండాయి ఆయనకు?" అని అడిగారు ముందు.

"ఒకటే సార్."

"అయితే ఈ దినమే పోవాల. ప్రెషర్ తగ్గే మాత్ర, చుక్కలు నేను చెప్పినట్ల మొదలుపెట్టు. లేజర్ ఉండే ఆస్పత్రికి పంపించు. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతా."

ఎల్లప్ప వెళ్లనన్నాడు. లేజర్ అంటే ఏమిటని అడిగితే, ఐరిస్‌లో చిన్న రంధ్రం చేస్తారని చెప్పాను. దాంతో ఇంకా బిగుసుకుపోయాడు.

"ఉండేది ఒక్క కన్ను. దానికి బొక్క పెడతారంటావే. బియ్యం లేకపోయినా బతుకుతా. కన్ను లేకపోతే యాడికి పోయేది?"

మునియమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నేను అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"తాతా, క్వారీ గుంతలో నీళ్లు నిలిస్తే ఏం చేస్తారు?"

"నీళ్లు పోయేదానికి దావ తీస్తాం."

"తీయకపోతే?"

"గట్టు కూలుతాది. కింద పని చేసేటోళ్లు పోతారు."

"నీ కంట్లో నీళ్లు నిలిచినాయి. దావ మూసుకోనుండాది. డాక్టరు చేసేది బొక్క కాదు, దావ."

"కూలేది యాడ?" అని అడిగాడు.

"వెనకాల సూపు నరం ఉంటాది. అది పోతే మళ్లా రాదు."

"సరే పోదాం పా," అని లేచాడు. కూలేది ఎక్కడో చెప్పాక అతనికి ఇంకేం అనుమానం రాలేదు.

ఇక వెళ్లేది ఎలాగ అని నేను తడబడుతుంటే మా అధికారి లోపలికి వచ్చారు. లైను ఎందుకు ఆగిందని అడగడానికే వచ్చారు. విషయం చెప్పాను. ఆయన కాసేపు ఎల్లప్ప తెల్లకన్ను వైపు చూశారు. "నా జీపు తీసుకోని పోండి. నువ్వు గూడా పో. ఈడ నేను సూసుకుంటా," అన్నారు. ఆ రోజు వరసలో టార్చి పట్టుకుని కూర్చున్నది ఆయనే. లెక్కల మనిషని నేను ఆయనను ఎన్నోసార్లు లోలోపల తిట్టుకున్నాను. పై అధికారులను ఒక్క గుణంతో కొలవకూడదని ఆ జీపులో కూర్చుని అనుకున్నాను.

లేజర్ అయ్యింది. ప్రెషర్ దిగింది. పోయినంత చూపు పోగా మిగిలింది నిలిచింది. అది పొలం గట్టు మీద నడవడానికి, మనవరాలి మొహం గుర్తుపట్టడానికి చాలు. కొన్నాళ్లకు ఆ ఊరు మీదుగా పోతూ రేషన్ అంగడి దగ్గర ఆగాను. యంత్రాన్ని ఎండలో నుంచి తీసి నీడలో పెట్టించి, ఎల్లప్ప వాలిన రెప్పను అతని వేలితోనే పైకి పట్టుకోమన్నాను. యంత్రం కూత పెట్టింది. బియ్యం వచ్చింది.

"మొన్నటిదాకా నేను కాదనింది. ఇప్పుడు నేనే అంటాండాది," అన్నాడు ఎల్లప్ప సంచి మూతి కట్టుకుంటూ. "నేనేం మారలేదమ్మా."

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. యంత్రాల మీద నాకు కోపం లేదు. ఆ డబ్బా పట్టకపోబట్టే ఎల్లప్ప మా దాకా వచ్చాడు. లేకపోతే ఇంట్లోనే చూపు పోగొట్టుకునేవాడు. కానీ యంత్రం 'కాదు' అన్నప్పుడు ఎందుకు కాదందో అడిగే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి మీరే. ఇంకొకటి, మీరు పనిచేసే చోట ఎన్ని భాషలుంటే అన్ని భాషల్లో హరివిల్లును ఏమంటారో మొదటి వారంలోనే తెలుసుకోండి. తమిళంలో వానవిల్. కన్నడంలో కామనబిల్లు. మన దగ్గర హరివిల్లు, ఇంద్రధనుస్సు. రోగి మన పుస్తకం చదివి రాడు.

అంగళ్లు పిల్లలు

మదనపల్లెలో నా ఉద్యోగం ఆఖరి రోజుల్లో పక్కనున్న అంగళ్లు అనే ఊరి కాలేజీ నుంచి ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు వచ్చారు. వాళ్లలో ముందుండి మాట్లాడింది స్వాతి. బి.కొత్తకోట దగ్గర టమాటా పండించే కుటుంబం వాళ్లది. కంటిని చూసి మనిషిని గుర్తుపట్టే యంత్రాన్ని వాళ్లు చదువులో భాగంగా తయారుచేస్తున్నారట. ముసలివాళ్ల దగ్గర అది ఎక్కువగా తప్పుతోంది, ఎందుకో చెప్పమని అడిగారు.

ముందు నా కంటినే చూపించమన్నాను. ల్యాప్‌టాప్‌లో నా ఐరిస్ కనబడింది. దారాలు, గుంతలు అన్నీ ఉన్నాయి. కానీ అంతా బూడిదరంగు.

"రంగు యాడ పోయిందమ్మా?"

"ఇది ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో తీసేది మేడం. కంటికి కనపడని వెలుతురు. రంగు రాదు. కానీ మనలాంటి ముదురు రంగు కండ్లలో ఈ దారాల అల్లిక మామూలు కెమెరాలో కనపడదు, దీంట్లో బాగా తెలుస్తాది. ఏ ఇద్దరికీ ఒకేలాగ ఉండదు. మీ రెండు కండ్లకే ఒకేలాగ ఉండదు."

ఇన్నేండ్లు కండ్లు చూసి కూడా ఈ సంగతి నాకు తెలియదు. ఆ పిల్ల చెబితే తెలిసింది. మనసుకు చాలా సంతోషమేసింది. ఆ పేరు కథ వాళ్లకు చెప్పాను. స్వాతి నోట్లో పెన్ను పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

తర్వాత వాళ్లను ఓపీలో కూర్చోబెట్టి ముసలివాళ్ల కండ్లు చూపించాను. రెప్పలు వాలినవి, పొర కమ్మినవి, నొప్పితో మూసుకుపోయేవి. వాళ్ల యంత్రం కంటిని పట్టకపోతే తెర మీద ఇంగ్లీషులో 'ఫెయిల్డ్' అని ఎర్రగా వస్తోంది. ఒక అవ్వ అది చూసి, తను ఏదో తప్పు చేశాననుకుని లేచి వెళ్లిపోయింది.

"ఆ మాట మార్చండి," అన్నాను. "పట్టకపోతే, కండ్లు నొప్పిగా ఉన్నాయా, ఆస్పత్రిలో చూపించుకోండి అని మన భాషలో చెప్పమనండి."

వాళ్ల మాస్టారు ఒప్పుకోలేదు. యంత్రం రోగం చెప్పకూడదు, చెబితే తప్పులొస్తాయని ఆయన వాదన. ఆయన చెప్పిందీ సబబే. "రోగం చెప్పొద్దు సార్. ఒక మాట అడగమనండి, అంతే," అన్నాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

స్వాతి తన గొంతు రికార్డు చేసి తెచ్చింది. "దయచేసి గమనించండి, మీ నేత్రములలో" అంటూ మొదలైంది. అందరం నవ్వాం. ఇంట్లో మీ తాతతో ఎట్లా మాట్లాడతావో అట్లా మాట్లాడమ్మా అన్నాను. సిగ్గుపడుతూ మళ్లీ రికార్డు చేసింది.

నేను రిటైరైన తర్వాత దాన్ని మొదటిసారి జనం మధ్యలో పెట్టారు. అంగళ్లులో ఒక షామియానా కింద బల్ల వేసి, నన్ను కూడా పిలిచారు. పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. చాలామందికి పట్టింది. కొందరికి రెప్ప పైకి పట్టుకుంటే పట్టింది. తర్వాత తలకు తువాలు చుట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. యంత్రం ఒకసారి ప్రయత్నించింది, పట్టలేదు. ఇంకోసారి ప్రయత్నించింది, పట్టలేదు. అప్పుడు డబ్బాలో నుంచి స్వాతి గొంతు వచ్చింది.

"ఏం తాతా, కండ్లు నొస్తాండాయా? నొస్తాంటే ఆస్పత్రిలో సూపించుకో తాతా."

ఆయన డబ్బాకు ఇంకొంచెం దగ్గరగా జరిగాడు. ఎదురుగా మనిషి కూర్చుని అడిగినట్టే, దానికే జవాబు చెప్పాడు.

"నొస్తాండాది తల్లీ, మొన్నట్నుంచి. ఎవురూ అడగలా, అందుకే సెప్పలా."

స్వాతి ల్యాప్‌టాప్ మీద నుంచి చేతులు తీసేసింది. నేను సంచిలోంచి టార్చి తీసుకుని లేచాను.